నరాల పరీక్షలో కరెంట్ షాక్ ఇస్తారట, నొప్పి బాగా ఉంటుందా?

నొప్పి కొంత ఉంటుంది కానీ చాలామంది తట్టుకోగలిగినంతే. మత్తు ఇవ్వరు, సాధారణంగా అరగంట నుంచి గంటన్నరలో ముగించుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఇందులో రెండు భాగాలుంటాయి. మొదటిది ఎన్‌సీఎస్ (నెర్వ్ కండక్షన్ స్టడీ). చర్మం మీద ఒకచోట చిన్న కరెంట్ ఇచ్చి, నరం వెంట ఆ సంకేతం ఎంత వేగంగా, ఎంత బలంగా వెళ్లిందో కొలుస్తారు. నరం చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటే వేగం పడిపోతుంది, లోపలి తంతువు దెబ్బతింటే బలం పడిపోతుంది. చేతులు చల్లగా ఉన్నా వేగం తగ్గినట్టు కనిపిస్తుంది, అందుకే ముందు వేడి చేస్తారు. రెండోది ఈఎంజీ (ఎలక్ట్రోమయోగ్రఫీ), అంటే కండరాల పరీక్ష. సన్నని సూదిని కండరంలో గుచ్చి, అది వదులుగా ఉన్నప్పుడు, బిగించినప్పుడు వచ్చే విద్యుత్ సంకేతాలను చూస్తారు. ఆ సూదిలోంచి కరెంట్ పంపరు.

ఉదాహరణకు బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయనుకుందాం. ఈ వేళ్లకు వెళ్లే మీడియన్ నరం వేగం మణికట్టు దగ్గర మాత్రమే తగ్గితే అది కార్పల్ టన్నెల్, అంటే మణికట్టులో ఆ నరం నొక్కుకుపోవడం. మెడలో నరం నొక్కుకుపోతే ఆ జాడ ఈఎంజీలో మెడ, చేతి కండరాల్లో దొరుకుతుంది.

రిపోర్ట్ నార్మల్ వస్తే నరాలకు ఏమీ లేదనుకోవడం పొరపాటు. ఈ పరీక్ష పెద్ద తంతువులనే కొలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు మొదట్లో అరికాళ్లు మండటానికి కారణమయ్యే సన్న తంతువుల జబ్బు ఇందులో కనబడకపోవచ్చు.

ఆ రోజు ఒంటికి నూనె, లోషన్ రాసుకోవద్దు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే తప్పక చెప్పండి.