తుమ్మి కోసేముందు

బిడ్డా,

ఈ చవితికి తుమ్మికూర నువ్వే వండుతానన్నావు, శివుడికి తుమ్మిపూలు కూడా పెడతానన్నావు. పండుగకు ముందు రెండు రోజులు అంగట్లో కట్టలు అమ్ముతారు గానీ, కొన్నా కోసినా ముందు మొక్కను గుర్తుపట్టడం రావాలి.

కాడను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడు, నాలుగు పలకలు తగలాలి. ఆకులు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. కణుపుల దగ్గర గరుకు బంతిలాంటి గుత్తి, అందులోంచి తెల్లపూలు. పువ్వు పై పెదవి చిన్నది, నూగుగా ఉంటుంది. కింది పెదవి నాలుక చాపినట్టు వెడల్పు. తులసికీ పలకల కాడే కాబట్టి పువ్వు చూడనిదే ఒప్పుకోకు. పక్కనే వయ్యారిభామ కూడా తెల్లగా పూస్తుంది. దాని ఆకు క్యారెట్ ఆకులా చీలి ఉంటుంది, ముట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు.

గట్టు మీద కోస్తే కలుపుమందు కొట్టారేమో రైతునడుగు. మందు పడ్డ మొక్క మొదటి రెండు మూడు రోజులు పచ్చగానే కనిపిస్తుంది, కడిగినా లాభం లేదు. రోడ్డు పక్కదీ మురుగు కాలువ పక్కదీ ఎంత ఏపుగా ఉన్నా వద్దు.

పూలు పొద్దున్నే తీయాలి. గుత్తిని లాగకు. తెల్లరేకును వేలి కొసలతో పట్టి మెల్లగా గుంజితే అదే ఊడి వస్తుంది, పచ్చ గొట్టం మొక్కకే మిగులుతుంది, గింజ కట్టేది అందులోనే. పువ్వు కడిగితే రేకులు అంటుకుపోయి నీరుకారిపోతాయి. తడిగుడ్డ పరిచిన చిన్న బుట్టలో వేసి గంటా రెండు గంటల్లో పూజకు వాడెయ్యి. దండకు రావు, దోసిట్లో పోసి లింగం మీద వదలడమే. సంస్కృతంలో దీన్ని ద్రోణపుష్పి అంటారు, ద్రోణమంటే దొన్నెలాంటి పాత్ర. పువ్వును దగ్గరగా చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. కొనక్కరలేని పువ్వు కదా, అందుకే పేదింటి శివపూజకు ఇంత దగ్గరైంది.

ఇక కూర. నలుగురికి రెండు దోసిళ్ల ఆకు, ఒక టీగ్లాసు పెసరపప్పు, ఉసిరికాయంత చింతపండు, ఐదు పచ్చిమిర్చి. లేతకొసలూ ఆకులే తీసుకో. గుత్తులు ఒక్కటి కూడా పడకూడదు, గొంతులో గుచ్చుకుంటాయి. ఆకు మీది నూగు దుమ్మును పట్టి ఉంచుతుంది, నాలుగు నీళ్లు కడుగు. చేదు ఎక్కువనిపిస్తే ఒక పొంగు ఉడికించి నీళ్లు పిండెయ్యి, లేదా సగం తోటకూర కలుపు. పప్పు విడిగా ఉడకాలి, చింతపండు పులుసు ముందే పోస్తే బద్దలు మెత్తబడవు. పోపులో మిర్చి, ఆకు వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, పప్పు, పులుసు, ఉప్పు కలిపి ఐదు నిమిషాలు మగ్గనివ్వు. ఆ కాస్త చేదూ ఉండాల్సిందే, బెల్లం వేసి చంపకు.

మందు సంగతికొస్తే నా మాట గట్టిగా విను. జలుబుకు లీటరు మరిగే నీళ్లలో గుప్పెడు ఆకు వేసి, గిన్నె దించి, ఐదు నిమిషాలు ఆవిరి పట్టొచ్చు. హాయినిచ్చేది చాలావరకు ఆవిరే. పిల్లలకు పట్టకు, నీళ్లు ఒలికి కాలుతాయి. తలనొప్పికి రసం ముక్కులో పిండడం, కామెర్లకు కళ్లలో పిండడం పాత అలవాట్లు. రెండూ వద్దు. కన్ను దెబ్బతింటే మళ్లీ రాదు, కామెర్లకు కారణం రక్తపరీక్షలో తేలాలి. పాముకాటుకు తుమ్మిరసమని ఎవరన్నా అంటే వాదన పెట్టుకోకుండా 108కి ఫోన్ చెయ్యి. కడుపుతో ఉన్నవాళ్లకు రసం, కషాయం ఇవ్వకు. ఎండిన మొక్క పొగతో దోమలు కొంత తగ్గుతాయి, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే అదీ మానెయ్యి.

మొక్కను వేరుతో పీకకు, పైకొసలు చాలు. పూలు రాలి గుత్తులు గోధుమరంగుకు తిరిగాక రెండు మూడు తెంపి అరచేతిలో నలిపితే సన్నటి గింజలు వస్తాయి. కాగితం పొట్లంలో దాచి, తొలకరి పడగానే కుండీ మట్టి మీద చల్లు. లోతుగా పూడిస్తే మొలవవు.

మీ మేనత్త