మావాడికి లేత్ మిషన్ పిచ్చి, ఏం చేయను?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి రాశాడు. ఇంటర్ వద్దు, లేత్ లాంటి, ఇనుముని తిప్పుతూ చెక్కే మిషన్ల పని నేర్చుకుంటానంటాడు. బంధువులేమో ‘గ్రీజు పూసుకునే బతుకా’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, అనకాపల్లి

జవాబు: బంధువుల మాట పక్కన పెట్టండమ్మా. మీ ఇంట్లో ప్లాస్టిక్ బకెట్, వాటర్ బాటిల్ మూత ఉన్నాయి కదా, అవన్నీ ఏదో ఒక స్టీలు అచ్చులోంచి వచ్చినవే, ఆ అచ్చు చేసేవాడు మైక్రోమీటర్ పట్టుకుని మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలుస్తాడు. ఇప్పుడా పని చాలావరకు కంప్యూటర్ నడిపించే సీఎన్‌సీ మిషన్ల మీదే, అంటే డ్రాయింగ్ చదవాలి, ప్రోగ్రాం రాయాలి, లెక్కలు రావాలి. (లెక్కలు తప్పించుకోడానికే ఇటు వస్తున్నాడేమో కాస్త కనుక్కోండి!)

హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, పది పాసైతే చాలు, అచ్చులు, డైల (లోహాన్ని కోసి, నొక్కి ఆకారమిచ్చే దిమ్మెలు) తయారీలో డిప్లొమాకి ప్రయత్నించొచ్చు. లేదంటే పాలిసెట్ ఎంట్రన్స్ రాసి పాలిటెక్నిక్‌లో మెకానికల్, ఆ తర్వాత డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ ఎంట్రన్స్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. ఐటీఐలో ఫిట్టర్ (భాగాలు అమర్చి బిగించే పని), టర్నర్ (లేత్ పని) అయితే రెండేళ్లే.

మొదట్లో జీతం తక్కువ, షిఫ్టులుంటాయి, రోజంతా నిలబడాలి, అది దాచను. అందుకే ఫీజు కట్టేముందు తెలిసినవాళ్ల వర్క్‌షాప్‌లో వారం రోజులు ఉండనివ్వండి, ఆ మోత, కోసేచోట వేడెక్కకుండా పోసే ఆ కూలెంట్ వాసన తర్వాత కూడా వెళ్తానంటే చేర్పించేయండి.