బుజ్జీ, ‘ఒక్కోసారి’ అనే మాట జాగ్రత్త

నరసాపురం

బుజ్జీ,

రేడియేషన్ ఆంకాలజీలో, అదే క్యాన్సర్‌కి కిరణాలతో చేసే వైద్యంలో, సీటొచ్చిందని, థీసిస్ కూడా ఆ అబ్‌స్కోపల్ ఎఫెక్టు మీదే చేస్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ వీధంతా పూతరేకులు పంచింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి లేకుండా మెషీన్ గదిలోకి వెళ్లకు. వేళకి తిను.

అబ్‌స్కోపల్ అనే ఆ పేరు 1953లో మోల్ అనే ఆయన పెట్టాడు. ఒకచోట కరెంటు, అదే రేడియేషన్, పెడితే, కిరణం తగలని గడ్డ కూడా కరగడం. చచ్చిన క్యాన్సర్ కణాల ముక్కల్లో ఒంటిని కాపాడే టీ కణాలు శత్రువు ఆనవాలు పట్టి, మిగతా గడ్డల మీద పడతాయంటారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ పొంగిపోయాను. అక్కడే వచ్చింది తంటా.

అప్పుడు టెక్నీషియన్ని కదా. సఖినేటిపల్లి అవతల లంక నుంచి ఒకాయన పంటు దాటి వచ్చేవాడు. తుంటి ఎముక నొప్పికి పది రోజుల కరెంటు. కిరణం గురికోసం నడుం మీద గీసిన ఊదారంగు గీతలు చెరిగిపోతాయని స్నానం మానేసి, తువ్వాలు చుట్టుకునేవాడు. ఊపిరితిత్తిలోనూ మచ్చ ఉంది. "దానికి పెట్టరాండీ?" అనడిగింది భార్య. డాక్టరుగారు ముందురోజు చెప్పిన విడ్డూరం నా నోట్లో నానుతోంది. "ఒక్కోసారి దీంతో అదీ పోతుందమ్మా" అనేశాను. ఆవిడకి ‘ఒక్కోసారి’ వినపడలేదు. పదో రోజు అయ్యాక కీమోకి రాలేదు. మూడు నెలలకి ఆయాసంతో మోసుకొచ్చారు. "పోద్దన్నారు కదండీ" అంది, అంతే. అరిచినా బాగుండేది. చేతిలో నాకోసం తెచ్చిన కొబ్బరికాయల సంచి.

కరెంటు ఒక్కదానితో అది బహు అరుదే తల్లీ. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న ఒకావిడకి వెన్ను పక్కన పెడితే ప్లీహంలో గడ్డలూ తగ్గాయని 2012లో రాశారు. కానీ ఆవిడ అప్పటికే టీ కణాల్ని ఉసిగొల్పే ఇపిలిముమాబ్ అనే మందు మీద ఉంది. ఈ రెండో ముక్క మింగేసి మొదటిది చెప్పావో, నేనూరుకోను! పైగా కరెంటుకి లింఫోసైట్లూ, అంటే ఆ టీ కణాల జాతీ, చస్తాయి, అదీ రాసుకో.

నువ్వు చిన్నప్పట్నుంచీ గబగబా మాట్లాడతావు, మీ నాన్న గారాబం. రోగికి ఏది చెప్పినా, వాళ్లకేం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకో. ఇంటాయనకొక్కడికే కాదు, ఇల్లాలికీ.

నీ వాటా పూతరేకులు డబ్బాలో పెట్టించాను. ఆదివారం బస్సుకి పంపిస్తా, చీమలు పట్టకుండా చూసుకో.

మీ పెదనాన్న