కౌన్సిల్ ఇంట్లో ఖాళీ బెడ్‌రూమ్ ఉందని అద్దె సాయం తగ్గించారు, ఏం చేయాలి?

మీరడిగింది ఇదీ: లండన్‌లో మూడు బెడ్‌రూమ్‌ల కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) అద్దె ఇల్లు. అబ్బాయి ఉద్యోగం వచ్చి వేరే ఊళ్ళో స్థిరపడ్డాడు. పందొమ్మిదేళ్ళ అమ్మాయి మాంచెస్టర్‌లో చదువుతోంది. రెండు గదులు ఖాళీ అంటూ యూనివర్సల్ క్రెడిట్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వమిచ్చే భృతి) అద్దె సాయానికి 25 శాతం కోత పెట్టారు. ఒక గదిలో పూజ చేసుకుంటాం, ఇంకో గదిలో ఇండియా నుంచి వచ్చే అత్తమామలు ఉంటారు అని చెబితే వింటారా?

వినరండి. మాదీ హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా ఇళ్ళు అద్దెకిచ్చే సంస్థ) ఇల్లే, ఈ రూల్‌తో మేమూ తంటాలు పడ్డాం. 2013 ఏప్రిల్ నుంచి నడుస్తున్న ఈ 'బెడ్‌రూమ్ టాక్స్'లో మనం గదిని దేనికి వాడుతున్నామో ఎవరూ చూడరు. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో, వాళ్ళ వయసెంతో మాత్రమే లెక్క. దంపతులకు ఒక గది. పదహారు దాటిన ప్రతి మనిషికీ ఒకటి. పదహారు లోపు ఇద్దరు ఆడపిల్లలకో ఇద్దరు మగపిల్లలకో కలిపి ఒకటి. పదేళ్ళ లోపైతే అక్కాతమ్ముళ్ళైనా ఒకే గదిలో సర్దుకోవాలి. విజిటర్ వీసా మీద వచ్చే పెద్దవాళ్ళు చుట్టాలే తప్ప ఆ ఇంటివాళ్ళు కారు. మా అత్తగారు వచ్చి నెలల తరబడి ఉన్నా లెక్కలోకి రాలేదు.

కానీ మీ కేసులో నాకు తేడాగా కనిపిస్తున్నది అమ్మాయి సంగతి. చదువుకోసం వెళ్ళి సెలవులకు ఇంటికొచ్చే పిల్ల, ఆరు నెలలకు మించి ఏకధాటిగా దూరంగా ఉండనంతవరకు, మీ ఇంటి మనిషే. అంటే మీకు రెండు గదులు రావాలి, అదనం ఒక్కటే. ఒక గదికి కోత 14 శాతం, రెండు లేదా అంతకంటే ఎక్కువైతేనే 25. ఈ శాతం మీకొచ్చే సాయం మీద కాదు, లెక్కకు తీసుకునే మొత్తం అద్దె మీద. నెలకు 600 పౌండ్ల అద్దె అనుకుంటే 150కి బదులు 84 పోతుంది. క్రిస్మస్‌కి, వేసవికి ఇంటికొస్తుందని మీ యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో రాసి, 'మాండేటరీ రీకన్సిడరేషన్' (నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించడం) కావాలని ఆ మాటే వాడి అడగండి. ఊరికే "ఇది అన్యాయం" అని రాస్తే ఫిర్యాదు కింద పక్కన పెట్టేస్తారు.

మిగిలిన ఒక గది మాటకొస్తే, ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం ఉందా? మీరు రాయలేదు కానీ అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. మా ఆయనకు వెన్నెముక ఆపరేషన్ తర్వాత హాస్పిటల్ తరహా మంచం వేయాల్సి వచ్చింది, ఇద్దరం ఒకే గదిలో పడుకునే వీల్లేదు. ముందు "దంపతులకు ఒకటే గది" అని జవాబొచ్చింది. 2016 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పిచ్చింది, 2017 ఏప్రిల్‌లో రూల్సే మార్చారు. ఆయనకు పిప్‌లో (అనారోగ్యం, వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే భృతి) డైలీ లివింగ్ భాగం, అంటే రోజువారీ పనులకిచ్చే డబ్బు, వస్తున్న కాగితం, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనుల ఇబ్బందులను అంచనా వేసే నిపుణులు) ఉత్తరం జతచేసి మళ్ళీ అడిగితే కోత తీసేశారు. రాత్రిళ్ళు బయటినుంచి వచ్చి చూసుకునే కేరర్ ఉన్నా ఒక గది ఇస్తారు, రోజూ రానక్కర్లేదు, క్రమంగా వస్తే చాలు.

అలాంటిదేం లేకపోతే ఆ 14 శాతాన్ని ఎలా పూడ్చుకోవాలన్నదే ప్రశ్న. కౌన్సిల్‌ని అడిగితే హౌసింగ్ ఖర్చులకు కొంత సాయం దొరకొచ్చు, అయితే అది వాళ్ళ దయ, కొంతకాలమే. చిన్న ఇల్లున్న వాళ్ళతో మార్చుకునే 'మ్యూచువల్ ఎక్స్‌ఛేంజ్' ఉంది, రాతపూర్వక అనుమతి లేకుండా మాత్రం సామాను కదపకండి. మన స్టూడెంట్స్ గదుల కోసం ఎంత తిరుగుతున్నారో మీకు తెలుసు కదా, ఒకరిని లాడ్జర్‌గా (మీతోపాటే ఇంట్లో ఉంటూ గదికి అద్దె ఇచ్చే మనిషి) పెట్టుకోవడం నాకైతే మంచి దారే అనిపిస్తుంది. యూనివర్సల్ క్రెడిట్‌లో లాడ్జర్ ఇచ్చే అద్దెను ఆదాయంగా చూడరు. కోత అలాగే ఉంటుంది, కానీ ఆ డబ్బు కోత కంటే చాలా ఎక్కువే వస్తుంది. ముందు టెనెన్సీ అగ్రిమెంట్ చదవండి. మనూరి పిల్లే అని మొహమాటపడకుండా షేర్ కోడ్ (వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూడటానికి వాళ్ళిచ్చే కోడ్) తీసుకుని వీసా చెక్ చేయండి, చట్టప్రకారం అది మీ బాధ్యత. ఇల్లు మొత్తం ఎవరికో ఇచ్చేసి మీరు ఇంకోచోట ఉండటం వేరే వ్యవహారం, దానికి ఇల్లే పోతుంది.

ఇదంతా తేలేలోపు తక్కువపడిన అద్దెను ఎంతోకొంత కడుతూ ఉండండి. "అప్పీల్‌లో ఉంది" అన్నా బకాయి ఆగదు, కోర్టు నోటీసు దాకా వెళ్తే టెన్షన్ రెండింతలు. రీకన్సిడరేషన్ అడగడానికి నిర్ణయం తేదీ నుంచి నెల గడువే ఉంటుంది కాబట్టి ఈ రోజే ఆ తేదీ చూసుకోండి. ఇంగ్లిష్‌లో రాయడం కష్టమనిపిస్తే సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థకి వెళ్ళండి, డబ్బు తీసుకోరు.