డ్రాగన్స్ డాగ్మా 2: నగరంలో నత్తనడక, ఫోల్డర్‌లో దొంగ ఫైలు

ప్రశ్న: మొదటి ఆట 2012లో వచ్చింది. పన్నెండేళ్లు ఎదురుచూశాక 2024 మార్చి 22న రెండోది వచ్చింది. విమర్శకులు మంచి మార్కులు వేస్తే, పీసీ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్నవాళ్లు తొలిరోజే తిట్టిపోశారు. ఇప్పుడు సేల్‌లో కొనొచ్చా? ఎవరి మాట నమ్మాలి?

ఆ తొలి రివ్యూల్లో మూడు వేర్వేరు ఫిర్యాదులు కిందికి తిప్పిన ఒకే బొటనవేలి గుర్తు (నచ్చలేదు అనే ఓటు) కింద కలిసిపోయాయి. వాటిని విడదీసి చదవండి.

ఒకటి, సేవ్ (ఆటలో మీరు చేరిన చోటును దాచే ఫైలు) ఒక్కటే ఉండటం, మెనూలో 'కొత్త ఆట' అనే మాటే లేకపోవడం. మళ్లీ మొదలుపెట్టాలంటే క్లౌడ్ (సేవ్‌ను నెట్‌లో దాచే సదుపాయం) ఆపి, ఫైళ్లు చేత్తో చెరపాల్సి వచ్చేది. ఇంత పెద్ద ఆటలో ఆ మీట మరిచిపోవడం క్షమించరాని అజాగ్రత్త. మార్చి నెలాఖరు అప్‌డేట్‌తో ఆ మీట వచ్చింది, సేవ్ మాత్రం ఒక్కటే. రెండోది, పూర్తి ధర పెట్టి కొన్న ఆటలో మళ్లీ డబ్బుకు సరుకులమ్మడం. దూరప్రయాణానికి గమ్యంగా పెట్టుకునే పోర్ట్‌క్రిస్టల్, చచ్చాక బతికించే వేక్‌స్టోన్ లాంటివన్నీ ఆటలోనే దొరుకుతాయి, రూపాయి అదనంగా పెట్టనక్కర్లేదు. అయినా కోపం న్యాయమైనదే. ప్రయాణాన్ని కావాలని నిదానంగా పెట్టి, ఆ నిదానాన్ని తగ్గించే వస్తువును పక్కనే అమ్మకానికి పెడితే, కష్టం ఆట కోసమా అమ్మకం కోసమా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

మూడోది నగరాల్లో ఫ్రేమ్‌లు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) పడిపోవడం. తర్వాతి అప్‌డేట్లతో కొంత మెరుగైంది కానీ పూర్తిగా పోలేదు. ఇది మీ యంత్రం మీద ఆధారపడింది కాబట్టి వేరేవాళ్ల రివ్యూ మీకు పనికిరాదు, మీరే పరీక్షించుకోవాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కిస్తారు. చాలామంది ఆ రెండు గంటల్లో సగం పాత్ర ముక్కు, చెవులు దిద్దడంలోనే పోగొట్టుకుంటారు. పాత్రను తయారుచేసుకునే ఉచిత యాప్ విడిగా ఉంది. ముందు అందులో పని ముగించుకుని, తర్వాత ఆట కొనండి. ఆటలో మెల్వ్ ఊరు చేరగానే ఎడ్లబండి ఎక్కి, కునుకు తీసి, నేరుగా వెర్న్‌వర్త్ నగరంలో దిగండి. అడవిలో ఆట ఎంత సాఫీగా నడిచినా లెక్కలోకి రాదు. వెర్న్‌వర్త్ అంగడి వీధిలో పరుగెత్తినప్పుడు మీకు సరిపడితే ఉంచుకోండి, లేకపోతే గడువులోపే వెనక్కిచ్చేయండి.

ప్రశ్న: కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్, మంచి గ్రాఫిక్స్ కార్డు. అడవిలో 60 ఫ్రేమ్‌లు, నగరంలో 30. సెట్టింగులన్నీ 'లో'లో పెట్టినా మార్పు లేదు. కార్డు పాడైందా?

కార్డు బాగానే ఉంది. నగరంలో తిరిగే ఒక్కొక్క మనిషికీ ఈ ఆట ప్రాసెసర్‌లో పెద్ద వాటా కేటాయిస్తుంది. వాళ్లు అక్కడ ఉండటం వల్ల చుట్టూ పడే ప్రభావాన్ని లెక్కగడుతుంది. జనం గుంపుగా చేరితే ఆ లెక్క పెరుగుతుంది, కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఈ మాట తయారీదారే బాహాటంగా ఒప్పుకున్నారు. నిర్ధారించుకోవడం తేలిక. నగరంలో నిలబడి రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఫ్రేమ్‌లు కదలకపోతే ఇబ్బంది ప్రాసెసర్‌దే. అప్పుడు టెక్స్‌చర్లు, నీడలు తగ్గించి బొమ్మ పాడుచేసుకోవడం దండగ. వాటిని మళ్లీ పైకి పెట్టుకోండి.

ఇక ఎక్కువమంది చూడని చోటు ర్యామ్. ఈ ఆటకు కనీసం 16 జీబీ కావాలి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ పేజీకి వెళ్లండి. వాడిన స్లాట్లు 'రెండింటిలో ఒకటి' అని కనిపిస్తే మీ ప్రాసెసర్‌కు డేటా సగం వెడల్పున్న దారిలోనే అందుతోందని అర్థం. అదే తరం, అదే వేగం ఉన్న రెండో ముక్క పెట్టించండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు కాబట్టి కొనేముందు సరిచూసుకోండి. చార్జర్ కూడా అసలుదే వాడాలి. 65 వాట్ల టైప్-సీ చార్జర్‌తో ఆడితే ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే కుదించుకుంటుంది.

ఈ రకం ల్యాప్‌టాప్‌ల మీద నాకున్న కోపం ఇక్కడే చెప్పాలి. డబ్బా మీద గ్రాఫిక్స్ కార్డు పేరు అరచేయంత అక్షరాల్లో ముద్రిస్తారు. లోపల 8 జీబీ ముక్క ఒక్కటే పెడతారు. రెండో స్లాట్ ఖాళీ అన్న సంగతి ఎక్కడా రాయరు. ఇంకొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచే దారే ఉండదు. షాపులో 'ఎన్ని ఫ్యాన్లు' అని అడగడం మాని, 'ర్యామ్ ఎన్ని ముక్కలు, తీసి మార్చొచ్చా' అని అడగండి.

ఇవన్నీ చేసినా నగరంలో ఎగుడుదిగుళ్లుంటే గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ సెట్టింగుల్లో ఫ్రేమ్‌లకు పరిమితి పెట్టండి. 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు మారే) తెరకు 40, 144 హెర్ట్జ్ తెరకు 48 చక్కగా భాగహారమవుతాయి. 35కూ 55కూ మధ్య ఊగడం కన్నా నిలకడగా 40 ఉంటే కంటికి హాయి.

ప్రశ్న: ఒక వీడియో కింద ఫ్రేమ్‌లు పెంచుతుందంటూ 'ఎఫ్‌పీఎస్ బూస్టర్' లింకు ఉంది. డీఎల్ఎల్ (ప్రోగ్రాంలు పిలుచుకుని నడిపే కోడ్) ఫైలును ఆట ఫోల్డర్‌లో వేయమన్నారు. విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ అడ్డొస్తే ఆపేయమన్నారు. వేశాను, తేడా ఏమీ లేదు. తీసేస్తే చాలా?

చాలదు. ఈ వారం ఉత్తరాల్లో నన్ను అన్నిటికన్నా ఆందోళనపెట్టింది ఇదే.

ఈ ఆటకు మంచి మాడ్‌లు (ఆటను మార్చడానికి అభిమానులు చేసే ఫైళ్లు) ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఆధారమైన ఆర్ఈఫ్రేమ్‌వర్క్ కూడా డీఎల్ఎల్ రూపంలోనే ఆట ఫోల్డర్‌లో కూర్చుంటుంది. విండోస్ ఒక ప్రోగ్రాం నడిపేటప్పుడు కావలసిన డీఎల్ఎల్ కోసం చాలా సందర్భాల్లో ముందు ఆ ప్రోగ్రాం సొంత ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. మాడ్‌లు పనిచేసేది ఆ సదుపాయంతోనే, దొంగ ఫైళ్లు దూరేదీ అక్కడి నుంచే. మీరు ఆట నొక్కగానే ఆ ఫైలు మీ హక్కులతోనే నడుస్తుంది. అనుమతి అడిగే కిటికీ కూడా రాదు.

అలాంటి ఫైలు ఎక్కువగా వెతికేది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు. కుకీ చేతికి చిక్కితే ఓటీపీ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్న ఖాతాను వాళ్లు అలాగే తెరుస్తారు. ముందు మెయిల్, ఆ వెంటనే స్టీమ్, సోషల్ మీడియా ఖాతాలు పోతాయి. నమ్మకమైన చోటు నుంచే తీసుకున్నామన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. 2023 డిసెంబరు 25న స్లే ద స్పైర్ ఆటకు అభిమానులు చేసిన డౌన్‌ఫాల్ అనే మాడ్‌లోకి, తయారీదారుల ఖాతా చొరబాటుకు గురికావడంతో, స్టీమ్ ద్వారానే దొంగ ప్రోగ్రాం వచ్చిపడింది.

మీరిప్పుడు చేయాల్సింది ఇది. ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. ఫోన్‌లో ముందు మెయిల్ పాస్‌వర్డు మార్చి, 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' నొక్కండి. పాస్‌వర్డు ఒక్కటే మారిస్తే దొంగ చేతిలో ఉన్న కుకీ కొన్నిచోట్ల బతికే ఉంటుంది. స్టీమ్ భద్రతా విభాగమైన స్టీమ్ గార్డ్‌లో మిగతా పరికరాలన్నిటికీ అనుమతి రద్దు చేయండి. స్టీమ్‌లో ఏపీఐ కీ (బయటి ప్రోగ్రాంలకు మీ ఖాతా వివరాలు అందించే తాళంచెవి) పేజీ తెరిచి, మీరు పెట్టని కీ కనిపిస్తే తొలగించండి, అది ఉన్నంతకాలం మీ లావాదేవీలు వాళ్లకు కనిపిస్తాయి. బ్రౌజర్‌లో నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు దాచి ఉంటే అదీ మార్చాలి. ఆ తర్వాత ఫొటోలు, పత్రాలు మాత్రం బయటకు తీసుకుని, డిస్క్ తుడిచి విండోస్ కొత్తగా వేయండి. స్కాన్ 'శుభ్రం' అన్నదని ఆగిపోకండి. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్మును మధ్యలో ఆపడం కష్టమవుతుంది.

ఇకముందు గుర్తుపట్టడానికి: జిప్ తెరవడానికి '1234' లాంటి పాస్‌వర్డు ఇచ్చారంటే స్కానర్ లోపలికి చూడకుండా ఉండటానికే. చిన్న డీఎల్ఎల్ అని చెప్పిన ఫైలు 700 ఎంబీ ఉందంటే ఫైళ్లను పరీక్షించే సైటు వైరస్‌టోటల్ 650 ఎంబీ పరిమితి దాటించడానికి గాలి కొట్టి ఉబ్బించారన్నమాట. డిఫెండర్ ఆపమన్న మాట వినిపించగానే ఆ పేజీ మూసేయండి. ప్రాసెసర్ కొరతను డీఎల్ఎల్ ముక్క తీర్చలేదు.

ప్రశ్న: పీఎస్5లో ఆడుతున్నా. టీవీకి వీఆర్ఆర్ (ఫ్రేమ్‌లకు తగ్గట్టు తెర వేగాన్ని మార్చే సదుపాయం) ఉన్నా కుదుపులు తగ్గలేదు.

పీఎస్5లో వీఆర్ఆర్ 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్యే పనిచేస్తుంది. ఈ ఆట చాలాచోట్ల అంతకన్నా కింద ఉంటుంది. ఆప్షన్లలో గరిష్ఠ ఫ్రేమ్‌రేటును 30కి పెట్టండి. ప్రతి ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లకు ఒకటిగా సమంగా వస్తుంది.

ప్రశ్న: సత్రంలో పడుకుని లేచేసరికి ఊరంతా శవాలు. పాత సేవ్ తెరిస్తే అదీ అంతే. ఇది బగ్గా?

బగ్ కాదు, డ్రాగన్స్‌ప్లేగ్. పాన్ అనే సహచర పాత్రలకు సోకుతుంది. తల పట్టుకోవడం, మాట వినకపోవడం, కళ్లు ఎర్రగా మెరవడం దాని గుర్తులు. సోకిన పాన్‌ను లోతు నీళ్లలోకి విసిరేయండి. మీ సొంత పాన్ అయితే పాన్‌లను పిలిచే రాయి రిఫ్ట్‌స్టోన్ దగ్గర పిలిస్తే తెగులు లేకుండా తిరిగొస్తుంది. తెగులు ఆలోచన నాకు నచ్చింది. కానీ సత్రంలో పడుకోగానే 'చివరి సేవ్', 'చివరి సత్రం సేవ్' రెండూ ఒకేసారి చెరిగిపోవడం మాత్రం ఆటగాడి కష్టాన్ని గౌరవించని పని.

పీసీలో అయితే మీరే కాపీ ఉంచుకోండి. ఆట మూసేసి, స్టీమ్ ఫోల్డర్‌లో యూజర్‌డేటా, అందులో మీ ఖాతా సంఖ్య, ఆపై ఈ ఆట సంఖ్య 2054970, రిమోట్ వరుసగా తెరిస్తే సేవ్ ఫోల్డర్ ఉంటుంది. దాన్ని తేదీ పేరుతో వేరేచోటికి కాపీ చేయండి. తిరిగి పెట్టేటప్పుడు ముందు ఈ ఆట ప్రాపర్టీస్‌లో స్టీమ్ క్లౌడ్ ఆపాలి, లేకపోతే క్లౌడ్‌లో ఉన్న శవాల ఊరే మళ్లీ దిగొచ్చి మీ కాపీ మీద కూర్చుంటుంది. తరచూ కరెంటు పోయే ఊళ్లో డెస్క్‌టాప్‌పై ఆడేవాళ్లకు యూపీఎస్ కూడా కావాలి. సేవ్ రాస్తున్న క్షణంలో కరెంటు పోతే వెనక్కి వెళ్లడానికి రెండో స్లాట్ లేదు.