ఆన్‌లైన్‌లో కొన్న సైకిలు ట్యూబు: లోపం ఎక్కడుంది?

ప్రశ్న: నా గేరు సైకిలుకూ, మా నాన్నగారు ఇప్పటికీ పొలానికి వేసుకువెళ్ళే 28 అంగుళాల పాత సైకిలుకూ ఆన్‌లైన్‌లో కొత్త ట్యూబులు తెప్పించాను. నా సైకిలు ట్యూబు కొద్ది రోజులకే వాల్వు మొదట్లో చిరిగిపోయింది. నాన్నగారి సైకిలుకు వేసినది చిరగలేదు గానీ, మూడు నాలుగు రోజులకొకసారి గాలి కొట్టక తప్పడం లేదు. ఆన్‌లైన్‌లో వచ్చేవన్నీ నాసిరకమేనని పంక్చరు షాపు ఆయన అంటున్నారు. ఇది నిజమేనా? బిగించకముందే ట్యూబు నాణ్యతను తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, సత్తెనపల్లి

జవాబు: మీరు రాసిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి నాసిరకమని తేల్చెయ్యడం తొందరపాటే అవుతుంది. ట్యూబు పాడైనప్పుడు కంపెనీని తిట్టుకునే ముందు చిల్లు ఏ చోట పడిందో చూడాలి. టైరు వైపు పడితే తుమ్మ ముల్లో పల్లేరు ముల్లో దిగినట్టు. రిమ్ము వైపు పడితే రిమ్ము టేపు పక్కకు జరిగి స్పోకు కొన గుచ్చుకున్నట్టు. పక్కపక్కనే రెండు కోతలు కనిపిస్తే, గాలి తక్కువగా ఉన్న చక్రం గుంతలో పడి, ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగినట్టు. ఈ మూడింటిలోనూ ట్యూబు తప్పేమీ లేదు. ట్యూబు రెండు కొసలూ కలిపిన అతుకు విడిపోయినా, వాల్వు చుట్టూ అంటించిన మందపాటి బిళ్ళ అంచు లేచినా మాత్రం అది తయారీ లోపమే.

మీ గేరు సైకిలు ట్యూబును మరొక్కసారి పరిశీలించండి. బిళ్ళ ఊడి వచ్చి ఉంటే నిస్సందేహంగా అమ్మకందారును నిలదీయవచ్చు. బిళ్ళ గట్టిగానే ఉండి పక్కన రబ్బరు చిరిగితే, గాలి తక్కువగా ఉండగా తొక్కడంవల్ల టైరుతోపాటు ట్యూబు కూడా మెల్లగా జరిగి వాల్వు ఒరిగి ఉండవచ్చు. ఇంకొక కారణం కూడా తరచుగా కనిపిస్తుంది. రేసు సైకిళ్ళకు వాడే సన్నని ప్రెస్టా వాల్వుకు రిమ్ములో సుమారు ఆరున్నర మిల్లీమీటర్ల రంధ్రం చాలు. మోటారు సైకిలు తరహా ష్రేడర్ వాల్వుకు ఎనిమిది మిల్లీమీటర్లు దాటిన రంధ్రం కావాలి. వెడల్పు రంధ్రంలో సన్న వాల్వు బిగిస్తే అది లోపల ఊగిసలాడుతూ, రంధ్రం అంచు ట్యూబును కోసేస్తుంది. కాబట్టి ఆర్డరు పెట్టేటప్పుడు వాల్వు రకం చూడకుండా ట్యూబు కొనరాదు.

నాన్నగారి సైకిలు సంగతి ఇంతకంటే సులువు. మన పాత సైకిళ్ళలో ఉండేది డన్‌లప్ వాల్వు; గాలిని ఆపేది దాని లోపలి ముక్కకు తొడిగిన సన్నని రబ్బరు గొట్టం. అది ఎండి బీటలు వారితే ఎంత మంచి ట్యూబైనా నిలవదు. వాల్వును నీళ్ళున్న గ్లాసులో ముంచి చూడండి. బుడగలు వస్తే కొద్ది రూపాయలతో ఆ గొట్టం మార్చుకోవచ్చు. బుడగలు రాకపోతే, ట్యూబంతా తొట్టిలో ముంచినా చిల్లు దొరక్కపోతే, ఆ ట్యూబు సహజ రబ్బరుదై ఉండవచ్చు. సహజ రబ్బరు గుండా గాలి నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. 1937లో అమెరికాలో తొలిసారి తయారైన బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు గాలిని దానికంటే ఎన్నో రెట్లు బాగా నిలుపుతుంది. అందుచేత వివరాలలో బ్యూటైల్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. ఊరికే ‘మంచి రబ్బరు’ అని రాస్తే దానికి అర్థమేమీ లేదు.

ఇక బిగించకముందు చేయదగిన పరీక్ష. ట్యూబుకు గుండ్రని ఆకారం వచ్చేంతవరకే గాలి నింపండి. అంతకు మించి నింపకూడదు, ఎందుకంటే ఒత్తిడిని భరించేది టైరే తప్ప ట్యూబు కాదు. తర్వాత ట్యూబును చేతుల్లో తిప్పుతూ చూడండి. ఒకచోట బుడగలా ఉబ్బి పక్కన సన్నగా ఉంటే రబ్బరు మందం సమంగా లేదన్నమాట, అక్కడే ముందుగా తెగుతుంది. అతుకును రెండు బొటనవేళ్ళతో కొంచెం సాగదీసి అంచు లేస్తోందేమో గమనించండి. ఒక రాత్రి అలాగే ఉంచి ఉదయం మెత్తబడిందో లేదో చూడండి. ఇదంతా వాపసు గడువులోపలే జరగాలి; ఒకసారి చక్రానికి ఎక్కించాక అమ్మకందారు సాకులు వెతుకుతాడు.

బరువును బట్టి నాణ్యత తేల్చేవారున్నారు. అది సగమే నిజం. ఒకే కొలత గల రెండు బ్యూటైల్ ట్యూబులలో మరీ తేలికగా ఉన్నది పలచనిదే కావచ్చు. అయితే సుద్దపొడి వంటివి ఎక్కువగా కలిపి బరువు పెంచిన చౌక రబ్బరు కూడా తక్కెడలో బాగానే తూగుతుంది. కాల్చి వాసన చూసే పద్ధతిని నేను అసలే సమర్థించను.

కొలత విషయంలో అంగుళాలను నమ్మకండి. మీ టైరు పక్కన 40-635 లేదా 37-622 వంటి అంకెలు అచ్చయి ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. నాన్నగారి 28 అంగుళాల సైకిలుకు 635 సరిపోతే, ఐరోపా కంపెనీలు 28 అని పిలిచేది సాధారణంగా 622. వ్యాసంలో ఈ పదమూడు మిల్లీమీటర్ల తేడాను ట్యూబు సర్దుకుంటుంది గానీ, వెడల్పు తేడాను సర్దుకోదు. వెడల్పాటి టైరులో సన్న ట్యూబు సాగి పలచనైపోతుంది, సన్న టైరులో లావు ట్యూబు మడత పడి ఆ మడత దగ్గరే చీలుతుంది.

షాపు ఆయన మాటకు వస్తే, ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలోనూ షాపులో అమ్మేవాటిలోనూ రెండు రకాలూ ఉంటాయి. లూధియానాలోని రాల్సన్, హైదరాబాదులోని హార్టెక్స్ వంటి తయారీదారుల సరుకు రెండు చోట్లా దొరుకుతుంది. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ప్యాకెట్టు మీద లేకపోతే ఆ సరుకును అనుమానించవలసిందే. వినియోగదారుల వ్యాఖ్యలలో పార్సిలు అందిన రోజే రాసినవాటిని వదిలిపెట్టండి. అవి పెట్టె గురించి చెబుతాయి తప్ప ట్యూబు గురించి కాదు. నెలలు వాడినవారిలో పలువురు ఒకే చోట చిరిగిందని రాస్తే, ఆ మాటకు విలువ ఇవ్వండి.

మీ ట్యూబుది తయారీ లోపమేనని తేలితే, చిరిగిన చోటు స్పష్టంగా కనబడే ఫోటోతో ఫిర్యాదు చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సంస్థ ఫిర్యాదు అధికారి 48 గంటలలోపు ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: ధర తగ్గినప్పుడు నాలుగైదు ట్యూబులు కొని దాచుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: దాచుకోవచ్చు. ఎండ, కిరోసిను, గ్రీజు తగలని చోట, కొత్తగా వచ్చినప్పుడు ఉన్న పౌడరు తుడిచివేయకుండా, వదులుగా చుట్టి ఉంచండి. రబ్బరు బ్యాండుతో బిగించి కడితే మడతల దగ్గర పగుళ్ళు వస్తాయి.