"అలాంటి మాటే లేదు" అనేవాళ్లు కావాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన కథ అందాయి. కథ సంగతి కాస్త ఆగి చెప్తాను. ఉత్తరంలో మీ ఇంటి ఆదివారాల గురించి రాసిన ముక్క మాత్రం కథ కన్నా బాగుంది. భోజనాలయ్యాక మీ నానమ్మ, బాబాయి, పక్కింటి పిల్లలు చాప మీద చేరి పద్యాల అంత్యాక్షరి ఆడటం, మీ నాన్న పేపర్లో గళ్లనుడికట్టు, అదే క్రాస్‌వర్డ్, ముందేసుకుని వంటింట్లో ఉన్నవాళ్లని కూడా వదలకుండా సతాయించడం, అన్నీ కళ్లకు కట్టాయి. అంతా రాసి చివర్లో, "ఈ ఆటలు మానేసి ఆ టైము చదువుకోడానికి పెట్టమంటారా? పదసంపద పెరగాలంటే ఏ నిఘంటువు చదవాలి?" అని అడిగావు.

మానకు. నిఘంటువు కొనుక్కో, కానీ కూర్చుని చదవకు. గొడవొచ్చినప్పుడు తియ్యి.

ఆటల్లో నీకు దొరికే అసలు లాభం ఆ గొడవే. గదిలో ఒక్కదానివే కూర్చుని రాస్తుంటే ఏ మాట వేసినా కాగితం ఒప్పేసుకుంటుంది. ఆటలో అలా కుదరదు. "అలాంటి మాటే లేదు" అని ఎవరో ఒకరు లేస్తారు. ఉందని నువ్వు చూపించాలి. ఎవరంటారు, ఎక్కడంటారు, ఏ సందర్భంలో అంటారు, అన్నీ చెప్పాలి. కథలో ఒక్కో మాట వేసేటప్పుడు నిన్ను నువ్వు అడుక్కోవాల్సిన ప్రశ్నలు కూడా సరిగ్గా ఇవే.

పేరు, ఊరు, కూరగాయ, వస్తువు ఆట తీసుకో. "పు" వచ్చింది. వరంగల్ నుంచి వచ్చిన కోడలు కూరగాయ కింద పుంటికూర అని రాస్తుంది. బెజవాడ అత్తగారు "అది గోంగూర కదా, 'గో' వచ్చినప్పుడు రాయాలి" అంటుంది. అనంతపురం చుట్టం "ఎ" కింద ఎర్రగడ్డ రాస్తే మిగతావాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. అది ఉల్లిపాయేనని తెలిశాక పాయింటు ఇవ్వాలా వద్దా అని ఇంకో పావుగంట వాదన. ఇవ్వాల్సిందేనని నా అభిప్రాయం. ఆ పావుగంటలో నువ్వు నోరు మూసుకుని వింటే చాలు, మూడు ప్రాంతాల మాట తీరు నీ చెవిలో పడుతుంది.

నిఘంటువు తీస్తే అదీ ఒక పక్షం వాళ్లదే అని తెలిసొస్తుంది. 1885 నాటి శబ్దరత్నాకరం కావ్యాల మాటల కోసం పుట్టింది. మీ నానమ్మ మాట అందులో లేకపోతే నానమ్మ ఓడినట్టు కాదు. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు చూడు, జనం నోటి మాటలు చాలా దొరుకుతాయి. అక్కడా లేకపోతే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశాలు ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మొదటిది, వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. జిల్లా జిల్లాలో రైతుల నోట విని పోగేసిన మాటలవి. తర్వాత చేనేత మీద కూడా ఒకటి వచ్చింది. నీ కథలో ఒక మగ్గం ఉంది, కానీ నాడె లేదు, కండె లేదు, పడుగు పేకలు కూడా లేవు. ఊరికే "మగ్గం చప్పుడు" అని రాసి తప్పించుకున్నావు. మీ ఆటలో అలా రాస్తే మీ బాబాయి ఊరుకుంటాడా?

ఇక పద్యాల అంత్యాక్షరి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు. మన శతకాలకి మకుటాలు ఉంటాయి కాబట్టి ఎవరు ఏ అక్షరం వదులుతారో ముందే తెలిసిపోతుంది. వేమన పద్యం చదివితే "వినురవేమ", అంటే ఎదుటివాళ్లకి "మ". సుమతి పద్యానికి "త". భాస్కర శతకం, కాళహస్తీశ్వర శతకం చదివితే "ర". కొత్తవాళ్లు తెలిసిన పద్యం చదివేసి ఊపిరి పీల్చుకుంటారు. ఆరితేరినవాళ్లు తమ వంతు కన్నా అవతలివాళ్ల వంతు గురించి ఎక్కువ ఆలోచిస్తారు. నీకు "మ" వస్తే "మేడిపండు చూడ" అందుకో, అదీ వేమనే కాబట్టి ఆ "మ" తిరిగి వాళ్ల నెత్తినే పడుతుంది. "త" వస్తే "తన కోపమె తన శత్రువు", మళ్లీ "సుమతీ" అని వాళ్లకే "త". ఇదంతా మామూలు యుద్ధం. బ్రహ్మాస్త్రం దాశరథి శతకం. "దాశరథీ కరుణాపయోనిధీ" అని ముగించి ఊరుకున్నావా, అవతలివాళ్లు "ధ"తో పద్యం వెతుక్కోవాలి. సభ నిశ్శబ్దం. "ధనము కూడబెట్టి దానంబు సేయక" అని వేమనని గుర్తు తెచ్చుకునే గడుసు ముసలమ్మ ఒకావిడ ప్రతి ఇంట్లోనూ ఉంటుందనుకో, అది వేరే విషయం.

ఈ ఆట ఆడేవాళ్లకి చివరి అక్షరం తమది కాదని ఒంటికి పట్టేస్తుంది. నీ కథలో ప్రతి పేరా చివర ఒక తీర్మానం ఉంది. "జీవితం అంటే ఇంతే కదా అనుకుంది సీత" అని ఒక చోట, "ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు" అని ఇంకో చోట. అక్కడ చదివేవాళ్లు అందుకోడానికి ఏమీ మిగల్లేదు. మీ నానమ్మకి అలాంటి పద్యం అప్పజెప్పి చూడు, ఆట అక్కడే ఆగిపోతుంది. పేరా ఆపిన చోట తర్వాతి వంతువాళ్లకి ఒక అక్షరం వదలాలి.

మామూలు మాటల గొలుసు ఆడేటప్పుడు బహువచనాలు ఒప్పుకోకండి. ఒప్పుకుంటే ప్రతివాడూ "లు" దగ్గర ఆపేస్తాడు. "లు"తో మొదలయ్యే మాటంటే లుంగీ, ఆ తర్వాత లుకలుకలు. అది మళ్లీ "లు" దగ్గరికే తెస్తుంది. పిల్లలు దీన్ని చాలా తొందరగా కనిపెట్టేస్తారు.

ఒక కొత్త ఆట చెప్తాను, మీ వాళ్లతో ఆడి చూడు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉంటుంది కదా. అవధాని పద్యంలో అక్షరం చెప్పడం, తర్వాత ఫలానా అక్షరం రాకూడదని పృచ్ఛకుడు అడ్డం పడటం. అంత పాండిత్యం మనకక్కర్లేదు. ఒక్క అక్షరం, దాని గుణింతంతో సహా, ఒక గంట సేపు ఇంట్లో నిషేధించండి. అది వాడకుండా అవాళ జరిగింది చెప్పాలి. "ల" నిషేధిస్తే బహువచనం పోతుంది, "లేదు" పోతుంది, "లో" పోతుంది. పిల్లలు నవ్వి నవ్వి చస్తారు. కానీ నీకు నేను సూచించేది "న". అది తీసేస్తే "నేను" పోతుంది, "వెళ్లాను, తిన్నాను, చూశాను" అన్నీ పోతాయి. "నేను నిన్న సంతకి వెళ్లాను, వంకాయలు కొన్నాను" అని చెప్పే దారి మూసుకుపోయి, "సంచీ అడుగు వంకాయలు ఇంటికి చేరేసరికే కమిలిపోయాయి" అంటావు. ఇప్పుడు ఎవరు వెళ్లారో చెప్పకుండానే సంత, ఎండ, బరువు వచ్చేశాయి. నీ కథ మొదటి పేజీలో "నేను" ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమని మీ చెల్లికి ఇవ్వు. నువ్వు లెక్కపెట్టకు, దాటేస్తావు.

మీ నాన్న గళ్లనుడికట్టు పూరిస్తారు కదా, నువ్వు ఆయన కోసం ఆధారాలు రాయి. పూరించడం కన్నా కట్టడం కష్టం. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన ఆట ఇంగ్లీషు వాళ్లది, గడికో ఒంటి అక్షరం. మనకి "స్త్రీ" అయినా ఒక గడిలోనే పట్టాలి, అడ్డం మాటకీ నిలువు మాటకీ గుణింతం, ఒత్తు అన్నీ కలవాలి. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు ఈ గళ్ల ఆటల ఆధారాలు కట్టడం చిన్నతనం అనుకోలేదు. ఎలా ఉండాలంటే, "తల తిప్పితే తీగ", 2 అక్షరాలు. లత. "కలకి కలం తోడైతే ఇంత గొడవా?", 4 అక్షరాలు. కలకలం. ఆధారంలో అబద్ధం ఉండకూడదు, ఉబుసుపోక వేసిన మాటా ఉండకూడదు. జవాబు తెలిశాక "అరె, ఎదురుగానే ఉందే" అనాలి. నీ కథ చివర వచ్చే ఉత్తరం గురించి అంతకుముందు ఎక్కడా ఆనవాలు లేదు. మీ నాన్న అలాంటి ఆధారాన్ని మోసం అంటారు.

ఒక్క జాగ్రత్త. ఆటలో తళుక్కుమన్న మాటని కథలోకి మోసుకురాకు. నీ మూడో పేజీలో ఆటో డ్రైవరు ప్రాస కలిపి మాట్లాడతాడు. అతను మాట్లాడట్లేదు, నువ్వు ఆడుతున్నావు. కొట్టెయ్. శ్లేష మీద మోజు తీరకపోతే ఆదివారం తీర్చుకో, అక్కడ చప్పట్లు కూడా దొరుకుతాయి.

ఇంకోటి. ఆటలో ఊరికే గెలుస్తూ ఉండకు. నువ్వొక్కదానివే గెలిస్తే నాలుగు వారాల్లో చాప ఖాళీ అవుతుంది. 2021లో వచ్చి ప్రపంచమంతా ఆడిన వర్డిల్ అనే మాట కనిపెట్టే ఆట ఉంది చూడు, జోష్ వార్డిల్ దాన్ని మొదట తన సహచరి పలక్ షా కోసం చేశాడు. దాదాపు 12,000 అయిదక్షరాల ఇంగ్లీషు మాటల్లోంచి తెలిసినవి ఏరి 2,500 దాకా తగ్గించింది ఆవిడే. ఏ మాటలు ఉండాలో ఆడే మనిషి తేల్చింది. నువ్వు కూడా చాప మీద తక్కువ మాట్లాడే మనిషి ఎవరో చూసుకుని, వాళ్లకి వచ్చే మాటలతో ఆట పెట్టు. మీ నానమ్మకి పొడుపు కథలు వచ్చని రాశావు. అవి ఆవిడ గొంతుతోనే, ఆవిడ ఆగే చోట ఆపి, రాసుకో.

కథ తిరగరాసి సంక్రాంతి లోపు పంపు. మీ నాన్నకి ఈ ఆధారం ఇవ్వు: "ఎటు నుంచి కోసినా ఒకేలా ఉండే కూరగాయ", 3 అక్షరాలు. మీ అమ్మమ్మది శ్రీకాకుళం వైపు అన్నావు కదా, ఆవిడని మాత్రం అడగొద్దని చెప్పు. ఆవిడ చెప్పే మాట ఆ మూడు గళ్లలో పట్టదు.

ఉంటాను.